ఎల్స్‌పెత్ మఫ్లర్‌లో ఆకుపచ్చ చార

ఎల్స్‌పెత్ ముప్ఫయ్యొక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది. భూగోళం దక్షిణపు కొసన, కాట్లిన్స్ కొండల్లో మెలికలు తిరిగే రోడ్డు, ఒకపక్క ఏరు, ఇంకోపక్క గొర్రెల బీళ్ళు. మాకు వసంతం సెప్టెంబరులోనే. అది వచ్చిందంటే ఏటిగట్టు పొడుగునా కోఫై చెట్లు ఆకు కనపడకుండా పసుప్పచ్చగా పూసేవి. బస్సాపి ఒక్క నిమిషం చూద్దామంటే వెనక ఇరవైమంది పిల్లలు, ముందు బడిగంట. రిటైరైన రోజు ఊరి హాల్లో కేకు కోస్తూ, వసంతాలన్నీ కిటికీ పక్కనుంచి వెనక్కి పారిపోవడమే చూశాను గానీ ఒక్కదాన్నీ ఎదురుగా నిలబడి చూడలేదని చెప్పింది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆ ఏడు నుంచే మఫ్లర్ల పిచ్చి పట్టుకుంది.

సెప్టెంబరు ఒకటో తారీఖున మొదలు. పొద్దున్నే మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు తొడుక్కుని వంతెన దాకా నడిచి వస్తుంది. వచ్చి వరండాలో కూర్చుని టీ తాగి, ఆ రోజు కొత్తగా ఏం కనపడిందో ఆ రంగు ఊలుతో ఆరు వరసలు అల్లుతుంది. కోఫై పూస్తే పసుపు. గొర్రె ఈనితే తెలుపు. తూయీ పిట్ట కనపడితే నల్లటి నీలం. ఏమీ కొత్తది కనపడని రోజున బూడిద రంగు. నవంబరు ఆఖరికల్లా మెడ చుట్టూ రెండుసార్లు తిప్పుకునేంత మఫ్లర్ తయారవుతుంది. దాన్ని మెడకి మాత్రం చుట్టుకోదు. నడవాలో మేకుకి తగిలిస్తుంది. అలా పది మఫ్లర్లు వరసగా వేలాడుతుంటాయి.

ఒకటే నియమం. తన కళ్ళతో చూసిందే అల్లాలి. విన్నది, ఎవరో చెప్పింది, ఉండే ఉంటుందిలే అనుకున్నది, ఏదీ పనికిరాదు.

ఊళ్ళో మొదట నవ్వుకున్నారు. తర్వాత్తర్వాత మా అందరికీ అవసరం పడింది. ఒక ఏడు అక్టోబరులో మంచు కురిసింది. అది నాలుగో తారీఖని కొట్టు నడిపే గ్లెనిస్, పద్నాలుగని ఆవిడ మొగుడు, వారం రోజులు మాటల్లేవు. చివరికి ఇద్దరూ ఎల్స్‌పెత్ నడవాలోకి వచ్చి వరసలు లెక్కపెట్టుకున్నారు. నాలుగే. ఆయన ఆ రోజు గిన్నెలు కడిగాడు.

ఇంత పేరున్న ఆవిడ బుట్టలో, ఎప్పుడూ ముట్టని ఉండ ఒకటుంది. ఆకుపచ్చ ఊలు, లోపల సన్నటి మెరుపు తీగ. మొదటి ఏడే కొంది, మెరుపు కోకిల కోసం. అది సముద్రాలు దాటి అక్టోబరుకి మా దగ్గరికి వస్తుంది. ఈలలు పైపైకి పోయి పోయి చివర్లో జారిపోతాయి, ఆ కూత ఊరంతా వింటుంది. మనిషికి కనపడడం మాత్రం చాలా అరుదు. పిచ్చుకంత పిట్ట, ఆకుల్లో ఆకు. పదేళ్ళూ ఎల్స్‌పెత్ కూత విని పరిగెత్తింది, చెట్టు కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడింది, ఇంటికొచ్చి బూడిద రంగు అల్లుకుంది.

కంచె అవతల తామాటి మాత్రం ఏటేటా చూశానంటాడు. ఏరు మీద చేపలు పట్టుకు బతికినవాడు, ఆవిడ కంటే ఏడాది పెద్ద. ఈ నేల మీద మొదట్నుంచీ ఉన్నవాళ్ళు అతని వాళ్ళు, వాళ్ళ భాషలో ఆ పిట్టని పీపీఫరౌరోవా అంటారు. మంచివాడే, కానీ నోటికి కొలత లేదు. అతను పట్టిన పాములాంటి ఈల్ చేప ఏడాదికో మూర పెరుగుతుంది, చచ్చి ఇరవై ఏళ్ళయినా సరే. అందుకని పిట్ట సంగతి చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

"వీపంతా ఆకుపచ్చ. కడుపు తెల్లగా, దాని మీద అడ్డచారలు. నువ్వల్లిన స్వెట్టర్ తొడుక్కుని తిరుగుతున్నట్టు ఉంటది డ్రైవరమ్మా" అన్నాడు మొదటి ఏడు.

తన అల్లికని వెక్కిరిస్తున్నాడనుకుంది ఎల్స్‌పెత్. పిట్టకి కాళ్ళకి మేజోళ్ళు కూడా ఉన్నాయా అని అడిగింది. అప్పట్నుంచి ఏటా అతను చారలంటాడు, ఆవిడ మేజోళ్ళంటుంది.

ఈ ఏడు, పదకొండో వసంతం, అక్టోబరు మొదటి వారంలో వంతెన దగ్గర కూత వినపడింది. ఎల్స్‌పెత్ తల పైకెత్తి నడిచింది. కింద కుందేలు బొరియ ఉంది. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. డాక్టరు కట్టు కట్టి, ఆరు వారాలు కుర్చీ దాటొద్దన్నాడు. ఆరు వారాలు పోతే కోకిల కాలం పోతుంది, మఫ్లర్‌లో సగం పోతుంది. నొప్పికి ఏడవని మనిషి ఆ మాటకి ముక్కు తుడుచుకుంది.

తామాటి మర్నాడే వచ్చాడు. మెట్టు దగ్గర గమ్‌బూట్లు విప్పి, వరండాలో చతికిలబడి, నీ నడక నేను నడుస్తాను, చూసింది చెప్తాను, నువ్వు అల్లు అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. చెప్పింది చెల్లదు, తెచ్చి చూపిస్తేనే చెల్లుతుంది అంది. సరేనన్నాడు. పదిరోజులు అన్నమాట ప్రకారం తెచ్చాడు. కోఫై రెమ్మ ఒకరోజు, జామ్ సీసాలో గాజుముక్కల్లాంటి చేపపిల్లలు ఒకరోజు. వాటిని చూపించి, ఆవిడ ఆరు వరసలు అల్లుకున్నాక ఆ చేపల్లో గుడ్డు కలిపి అట్టు వేసి పెట్టాడు. గొర్రెపిల్లని చంకలో పెట్టుకుని వచ్చినరోజు అది కుర్చీ కాలు మీద ఉచ్చ పోసింది. అయినా తెల్ల వరసలు పడ్డాయి.

మంగళవారం మాత్రం ఉత్త చేతులతో, ఊపిరాడకుండా వచ్చాడు.

"వంతెన కాడ చూశాను. నా చెయ్యంత దూరం. పచ్చది అల్లు."

"తెచ్చావా?"

"పిట్టని ఎట్టా తెస్తానే? జేబులో ఏసుకుని రానా?"

"అయితే బూడిద."

తామాటి ఆవిడ అందించిన టీ కప్పు ముట్టకుండా కింద పెట్టాడు. "పదకొండేళ్ళ నుంచీ నేను అబద్ధాలాడుతున్నానంటావు."

"నేనట్టా అన్లేదు. మఫ్లర్ అంటోంది."

అతను లేచాడు. బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. బుధవారం రాలేదు, గురువారం రాలేదు. ఎల్స్‌పెత్‌కి రెండు రోజులూ బూడిద రంగే. మనిషి లేకపోతే లేకపోయాడు, ఆ అట్టు మాత్రం గుర్తొచ్చింది అని గ్లెనిస్‌తో ఫోన్లో చెప్పుకుంది. గ్లెనిస్, అట్టేనా అని అడిగితే ఫోను పెట్టేసింది.

శుక్రవారం పొద్దున టీ చల్లారిపోతోంది. వరండా ముందు ఆవిడ సొంత కోఫై చెట్టు ఉంది, పూలు రాలి లేతాకు వేస్తోంది. ఆకుకి పురుగు పట్టిందని నెల నుంచీ తిట్టుకుంటోంది. ఆ పురుగు కోసమే వచ్చింది పిట్ట. చప్పుడు లేదు, కూత లేదు. వంగిన కొమ్మ మీద వాలి, పురుగుని నోటకరుచుకుని, కొమ్మకేసి రెండుసార్లు బాదింది. ఎండ పడితే వీపు రాగి కలిసిన ఆకుపచ్చగా మెరిసింది. ఎల్స్‌పెత్ చెయ్యి బుట్ట వైపు పోయింది, పచ్చ ఉండ దొరికింది.

అప్పుడు పిట్ట ఇటు తిరిగింది.

కడుపు తెల్లగా ఉంది. దాని మీద అడ్డచారలు. మెడ నుంచి తోక దాకా, ఒకటి పచ్చ, ఒకటి తెలుపు, ఎవరో తీరుబడిగా కూర్చుని రెండుండలతో అల్లినట్టు. కాళ్ళకి మేజోళ్ళు లేవు.

అది ఎగిరిపోయింది. పదేళ్ళు ఎదురుచూసింది దొరికింది, ఎగిరి గంతేయాలి. కాలు విరిగి గంతెయ్యలేదు సరే, మనసు కూడా వెయ్యలేదు. చారల సంగతి చూడనివాడికి తెలిసే వీల్లేదు. పదకొండేళ్ళు ఆ మనిషి ఒక్కటే మాట చెప్పాడు, అదే మాట, ఈల్ చేపలా దాన్ని ఒక్క అంగుళం కూడా పెంచలేదు. అది కూడా తను గమనించలేదు.

ఆరు వరసలు అల్లి ఊరుకోవచ్చు. నియమానికి అంతే చాలు. ఎల్స్‌పెత్ సూది లాగేసింది. గురువారం విప్పింది, బుధవారం విప్పింది, మంగళవారం విప్పింది. ఇప్పటిదాకా అల్లింది విప్పి ఎరగదు, ఊలు ముడతలు ముడతలుగా ఒళ్ళో పడింది. మంగళవారానికి రెండు వరసలు పచ్చ, రెండు తెలుపు, రెండు పచ్చ వేసింది. బుధ, గురు మళ్ళీ బూడిద. శుక్రవారానికి మళ్ళీ చారలు. చేతికర్ర ఊతంగా కుంటుకుంటూ పోయి, సూది గుచ్చి ఉన్న మఫ్లర్‌ని తామాటి వంటింటి కిటికీకి ఎదురుగా వరండా కమ్మీ మీద పరిచింది.

అతను వచ్చేసరికి సూప్ తాగే వేళయింది. మెట్టు దగ్గరే ఆగాడు. బూట్లు విప్పలేదు.

"ఎప్పుడు చూశావు?"

"పొద్దున. నా చెట్టు మీద."

"నువ్వు కాక ఇంకెవరన్నా చూశారా?"

"లేదు."

"మరి ఎట్టా నమ్మేది?" అన్నాడు. అన్నాక మూతి బిగబట్టుకున్నాడు, కానీ మీసం కింద నవ్వు దాగలేదు.

"నీ ఇష్టం. నేను మాత్రం నీది నమ్మాను. మంగళవారం చూడు."

తామాటి వంగి చూశాడు. వేలితో వరసలు లెక్కపెట్టుకున్నాడు, శుక్రవారం నుంచి వెనక్కి. మంగళవారం మీద వేలు ఆగింది. ముక్కు ఎగబీల్చాడు. గాలి చల్లగా ఉందని తనే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే.

తర్వాత కళ్ళు చిట్లించి, "చారలు లావయ్యాయి డ్రైవరమ్మా. దానికి ఇంకా సన్నంగా ఉంటాయి" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మఫ్లర్లకి వంక పెట్టిన మనిషి ఊళ్ళో లేడు. ఎల్స్‌పెత్ కళ్ళద్దాలు ముక్కు మీదకి జరుపుకుంది, సూది మళ్ళీ లాగేసింది.

"ఎంత సన్నం?" అంది.

తామాటి మెట్టు మీద కూర్చుని గమ్‌బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.