అప్పలసామి కాదన్న ఫోటో

ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే చాలు, అప్పలసామికి అనుమానం మొదలవుతుంది. ఎనభై దాటినా ఆ గుణం పోలేదు. అలాంటి మనిషిని వెతుక్కుంటూ, మలేసియాలో పినాంగ్ దీవి మీది జార్జ్ టౌన్‌లోని ఇంటికి, పాత ఫోటోల ఎగ్జిబిషన్ పెడుతున్న సెరీనా అనే అమ్మాయి ఒక ఫోటో పట్టుకొచ్చింది. ఊరక రారు మహానుభావులు అనుకుని, గ్రిల్లు తలుపు తీయకుండానే మాట్లాడాడు.

ఫోటోలో ఒకప్పటి హోటల్ జాజ్ బ్యాండు. మధ్యలో తెల్లకోటు వేసుకుని శాక్సొఫోన్ ఊదుతున్న కుర్రాడు.

“ఇది మీరేనా అంకుల్? పేరు తెలిస్తే ఎగ్జిబిషన్‌లో రాస్తాం లా,” అంది సెరీనా, అక్కడి వాళ్ళలా మాట చివర ‘లా’ తగిలించి.

“నాను గాదు. ఆడెవుడో ఫిలిప్పీనోడు.”

అబద్ధం. ఆ కుర్రాడు అప్పలసామే.

పుట్టింది సుంగై సుమున్ కొబ్బరితోటలో, కూలీల లైను ఇళ్ళలో. తండ్రి పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదేవాడు. పినాంగ్ వచ్చి హోటల్లో పళ్ళేలు కడుగుతూ, బ్యాండు నడిపే ఫిలిప్పీన్ పెద్దాయన దగ్గర శాక్సొఫోన్ నేర్చుకున్నాడు. అమెరికా పత్తితోటల్లో బానిసలుగా మగ్గిన నల్లవాళ్ళ పాటల్లోంచే ఈ సంగీతం పుట్టిందనీ, ఒకరు పాడితే పదిమంది అందుకునేవారనీ ఆయన చెప్పినప్పుడు కుర్రాడి ఒళ్ళు పులకరించింది. తమ తోటలో భజన సాగేదీ అలాగే! ఆ రాత్రి నుంచీ తండ్రి సన్నాయిలో వంచినట్టే స్వరాన్ని వంచి ఊదాడు. డాన్సు చేసేవాళ్ళు ఆగి విన్నారు.

హోటలు మేనేజరుకు మాత్రం భయం పట్టుకుంది. తోట తెలుగువాడు జాజ్ ఊదుతున్నాడంటే ఎవరు వస్తారు? పోస్టరు మీద టోనీ అని వేయించాడు. నల్లవాళ్ళ పాట ఊదడానికి ఈ నల్లవాడికి పరాయి పేరు కావలసి వచ్చింది, చూడండి ఖర్మ!

పోస్టరు సంగతి రామాలయం పెద్దల చెవిన పడింది. కుర్రాడు కిరస్తానంలో కలిశాడన్నారు. అప్పటికే వాసుకితో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. భజన నడిపే ఆమె అన్న వెంకటసామి, కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమన్నాడు. వాసుకి మీద ఆశ కొద్దీ అప్పలసామి మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, ఆ టోనీ తాను కాదన్నాడు. పెళ్ళయింది, శాక్సొఫోన్ పోయింది. అప్పటినుంచీ ఎవరు ఏమడిగినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే బతికాడు. వాసుకి నిరుడు కన్నుమూసింది.

ఎగ్జిబిషన్ మొదలైందని తెలిశాక అతనికి కాలు నిలవలేదు. ఒంటరిగా వెళితే వెంకటసామి అనుమానిస్తాడని అతన్నే తోడు తీసుకెళ్ళాడు.

ఫోటో కింద ‘పేరు తెలియని ఫిలిప్పీన్ కళాకారుడు’ అని ఉంది. అది చదివేసరికి కడుపు మండిపోయింది. సెరీనాను పిలిచాడు.

“ఇది నానేనమ్మా. నా పేరు రాయి.”

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. “మీరే కాదన్నారుగా అంకుల్? ఇప్పటికే ఇద్దరు వచ్చి మా నాన్నే అన్నారు లా. ఎవరిని నమ్మాలి?”

అప్పలసామి నోరు తెరిచేలోగా వెంకటసామి అడ్డొచ్చాడు. బావకు మతి చలించిందనుకున్నాడు పాపం.

“ఈడు గాదమ్మా. రాములోరి ముందు కర్పూరం ఆర్పి సెప్పినాడు, గాదని. నానే సేయించినాను.”

ఇప్పుడు సరేనని తల ఊపితే గుళ్ళో మర్యాద దక్కుతుంది. ఫోటోలో కుర్రాడు మళ్ళీ ఎవడో అయిపోతాడు. అప్పలసామి వెంకటసామి వైపు తిరిగాడు.

“ఆ పెమాణం అబద్ధం బావా. నీ సెల్లిని ఇవ్వవేమోనని సేసినాను.”

వెంకటసామి కేకలు వేస్తాడనుకున్నాడు. వెయ్యలేదు. ఫోటోలో కుర్రాడి మీద వేలు పెట్టి అడిగాడు.

“మా వాసుకికి తెలుసా?”

“నేదు బావా. ఎప్పుడూ సెప్పనేదు. నా ఊదుడు ఒక్కపాలైనా ఇననేదు.”

సెరీనా పాత చీటీ పీకేసి కొత్తదాని మీద అప్పలసామి పేరు రాస్తోంది. అతను అటు చూడనే లేదు. బావ భుజం పట్టుకుని, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.