అవ్వ దాచిన మంచి

మా గల్లీలో పెళ్లాన్ని కొట్టడానికి కరెంటుంటే చాలు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుస్తున్నంతసేపూ పక్కింట్లో పీక కోసినా వినబడదు. మా పక్కింటాయనకు ఆ సంగతి బాగా తెలుసు. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. క్రిస్మస్ వస్తే సర్కారు దవాఖానలో రోగులకు దుప్పట్లు పంచేవాడు, ఫోటో దిగేవాడు, ఆ ఫోటో చర్చి గేటు మీద ఫ్లెక్సీ అయ్యేది. దుప్పట్లు మంచివే, నేను కాదనను. అదే చేత్తో భార్య జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టేవాడు.

ఆ గోడ రెండిళ్లకూ ఒకటే. సాంచెల అదురు వేరు, ఆ అదురు వేరు. గోడకు ఆనుకుని బీడీలు చుట్టే మా అవ్వకు ముందు వీపులోనే తెలిసేది. చాట పక్కన పెట్టి, వెనక వాకిలి గుండా ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం దగ్గరికి పోయి, కరెంటు ఆపే హ్యాండిల్ కిందికి గుంజేది. గల్లీ మొత్తం సాంచెలు ఒక్కసారిగా ఆగేవి. చప్పుడు ఆగితే ఆయన చెయ్యీ ఆగేది. భార్య నోట్లో గుడ్డ కుక్కి, అందరికంటే ముందు తానే గల్లీలోకొచ్చి కరెంటోళ్లను తిట్టేవాడు.

నాకు ఒళ్లు మండిపోయేది. "చర్చిల లేచి చెప్పవే అవ్వా" అని పోట్లాడేదాన్ని.

"చేసిన మంచి చెప్పుకుంటే దేవుని దగ్గర ఏం మిగుల్తది? దాచాలెనని వాక్యంల లేదా?"

"దీపం దాచొద్దని గూడ గా వాక్యంలనే ఉంది."

"గా దీపంతోటి ఆమె కొంప అంటుకుంటే నువ్వార్పుతవా?"

ఏళ్లు అట్లాగే గడిచాయి. సాంచెలు ఆగినప్పుడల్లా నేసేవాళ్ల కూలి పోయేది, వాళ్లలో కోపం పేరుకుపోయేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అవ్వ హ్యాండిల్ గుంజి ఇంట్లోకి వచ్చేసింది. కాసేపటికి లైన్‌మన్ వచ్చి దాన్ని మళ్లీ పైకి ఎత్తబోయాడు. హ్యాండిల్ మీద అతని చెయ్యి చూసి గల్లీ మగవాళ్లు ఇన్నాళ్ల దొంగ దొరికాడనుకున్నారు.

"నువ్వేనారా మా కడుపు గొట్టేది?" అంటూ ఒకడు కర్రతో మోకాలి మీద కొట్టాడు. కింద పడ్డాక అందరూ తన్నారు. "నేను గాదన్నా, నేను గాదు" అంటుంటే అతని నోట్లోంచి నెత్తురుతో పాటు పన్ను ఊడి పడింది. తన్నేవాళ్లలో అందరికంటే ముందు మా పక్కింటి పెద్దమనిషే. ఇంట్లో సగంలో ఆగిన పని ఇక్కడ పూర్తి చేసుకుంటున్నాడు. ఆ క్షణం నా చేతికి రాయి దొరికితే ఆయన తల పగలగొట్టేదాన్నే.

అవ్వ గుంపులోకి దూరి లైన్‌మన్ మీద బోర్లా పడింది. ఆ ఊపులో రెండు దెబ్బలు ఆమె వీపు మీద పడ్డాయి.

"ఆపుండ్రి! గుంజింది నేను. ఎప్పుడూ నేనే గుంజిన!"

"ఎందుకు?"

చెబితే పక్కింటామెను ఆయన బతకనివ్వడని అవ్వకు భయం. ఎవడో చెంప మీద కొట్టాడు, పెదవి చిట్లింది. "ఎందుకే? చెప్పు!" ఇంకో దెబ్బ. అవ్వ మట్టిలోకే చూస్తూ కూర్చుంది.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆయన భార్య బయటికి వచ్చింది. ఒక కన్ను మూసుకుపోయింది, మెడ మీద వేళ్ల అచ్చులు. ఊడిన జుట్టు ఆమె పిడికిట్లోనే ఉంది. దాన్ని మొగుడి కాళ్ల దగ్గర వేసి, మా ఇంట్లోకి నడిచి తలుపేసుకుంది. కర్ర పట్టుకున్నవాడే లైన్‌మన్‌ను ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

ఆ ఆదివారం ఆమె మాతోనే చర్చికి వచ్చింది. పాస్టరుగారు అవ్వను గేటు దగ్గరే ఆపారు. "నువ్వు చేసిన మంచి గురించి సాక్ష్యం చెప్పాలమ్మా, దేవునికి మహిమ. పెద్దాయన పేరు మాత్రం తియ్యకు, సంఘం ఇజ్జత్ పోతది."

లోపల సాక్ష్యాల వేళ అవ్వ వాచిన పెదవితో లేచి నిలబడింది.

"మంచి జేస్తున్న అనుకున్న. ఎవ్వలకు చెప్పకుంటే దేవునికి ఇష్టం అనుకున్న. గిన్నేండ్లు దాచి దాచి నేను కాపాడింది ఆమెను గాదు." ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి వైపు వేలు చూపింది. "గీయనను."

ఆయన లేచి విసవిసా తలుపు వైపు నడిచాడు. పాస్టరుగారు పాట ఎత్తుకోబోయారు. నా పక్కన కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడింది.

"గాయనను కూసోమనుండ్రి" అంది. "నేనింకా మాట్లాడలే."