ఎర్ర కూలెంటు, వాడకట్టు నీళ్ళు

మా రత్నం బావ లారీని నేను ఏ గోడకూ గుద్దలేదు, ఏ కాలవలోకీ దించలేదు. అసలు నాకు లారీ నడపడమే రాదు. ఇంటి ముందు నిలబెట్టిన బండిని నిలబెట్టినట్టే ఉంచి, జానెడు కూడా కదపకుండా, ఒక్క ఆదివారంలో దాని బతుకూ, దాని మీద బతికేవాళ్ళ బతుకూ ఆగం చేశాను. అదెలా సాధ్యమని అడుగుతారా? చెబుతాను. మీరు కడుపుబ్బ నవ్వుకోవచ్చు. మా అక్క ఎదురుగా మాత్రం నవ్వకండి. ఇన్నేళ్ళయినా ఇందులో ఎక్కడ నవ్వాలో ఆమెకు ఇంకా దొరకలేదు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. జహనుమాలో అక్కాబావల ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఐటీఐలో ఫిట్టరు చదివి, కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాను. కొత్త అప్రెంటిస్ ఎంత ప్రమాదకరమైన ప్రాణో మీకు తెలియకపోవచ్చు. ఏమీ తెలియనివాడు దూరంగా ఉంటాడు. అంతా తెలిసినవాడు అవసరమైతేనే ముట్టుకుంటాడు. మేం మాత్రం నట్టు కనిపిస్తే చాలు, దానికి మా సేవ అవసరమని నమ్మేస్తాం.

బావ అప్పటిదాకా దూరపు లోడ్లు తోలేవాడు. నాగపూర్ అని పోతే వారాల తరబడి ఇంటి ముఖం చూసేవాడు కాదు. వాళ్ళ చిన్నది ఆయన గడప తొక్కగానే ఎవరో పరాయి మనిషి వచ్చాడని అక్క కొంగు చాటుకు పోయేది. ఆ పూట బావ అన్నం సరిగ్గా తినేవాడు కాదు. అందుకే మా ఫ్యాక్టరీలో లోకల్ లోడ్లకు లారీ కావాలన్నారని నేను చెప్పగానే ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. సోమవారం పొద్దున్నే బండిని గేటు దగ్గర పెట్టాలి, చూసి సరేనంటే ఏడాదంతా పనే.

శనివారం బావ షాద్‌నగర్‌లో ఒక పెళ్ళికి పోతూ నా భుజం తట్టాడు.

"బామ్మర్దీ, రేపు బండి జర కడిగి పెట్టు. పెండ్లికొడుకు లెక్క మెరవాలె."

ఆదివారం పొద్దున అక్క పిల్లను తీసుకొని చర్చికి పోయింది. నేను లారీని కడిగాను. తలుపులు, అద్దాలు, చక్రాలు, అన్నీ మెరిశాయి. అక్కడితో ఆగి ఇంట్లోకి పోయి పడుకున్నా నా కథ సుఖాంతమయ్యేది. కానీ ఎదురుగా రేడియేటర్ మూత కనిపించింది. తీశాను. లోపల నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మీరే చెప్పండి, ఇనుప బండి కడుపులో ఎర్రటి నీళ్ళు కనిపిస్తే ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. సరిగ్గా ఆ సమయానికి పక్కింటి ఖాదర్ భాయ్ బయటికొచ్చాడు. ఆయన స్కూటర్ మెకానిక్. విమానం దాకా దేనికైనా సలహా ఇస్తాడు.

"క్యా హువా మియా? గట్ల మొకం పెట్టినవేంది?"

"రేడియేటర్ల నీళ్ళు ఎర్రగున్నయ్ భాయ్."

"జర ఎర్రగనా, మస్తు ఎర్రగనా?"

"మస్తు ఎర్రగ."

"అరే, పూరా జంగ్ పట్టింది! గిట్లనే ఫ్యాక్టరీకి తీస్కపోతె సగం తొవ్వల ఇంజన్ బైఠ్ జాతా."

జంగ్ అంటే తుప్పు. బైఠ్ జాతా అంటే ఇంజన్ కూలబడుతుందని. అంత పెద్ద మెకానిక్ తుప్పని తేల్చాక ఇక అనుమానమేముంది? ఒక్క సంగతి మాత్రం అప్పుడు నాకు తట్టలేదు. ఖాదర్ భాయ్‌కి ఆ వారమే కంట్లో శుక్లం తీశారు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నల్లద్దాలు పొద్దస్తమానం పెట్టుకొనే ఉండేవాడు. ఆ అద్దాల్లోంచి మా లారీ, మా గోడ, నేను, నా భవిష్యత్తు, అన్నీ ఆయనకు ఒకే రంగు. ఆయన రేడియేటర్‌లోకి తొంగి చూడనేలేదు. నేను చెప్పిన మాటనే గట్టిగా నాకు తిరిగి చెప్పాడు.

నా దగ్గరున్న డబ్బులన్నీ జేబులో కుక్కుకొని, ఇంజన్ వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే కూలెంటు కోసం సంతోష్‌నగర్‌లో స్పేర్‌పార్టుల దుకాణానికి పోయాను.

"కూలెంట్ల రెండు రకాలున్నయ్ అన్నా," అన్నాడు దుకాణదారు. "ఇగో ఈ పచ్చది మామూలుది, జల్ది జల్ది మార్చాలె. గా నల్ల డబ్బాలది లాంగ్ లైఫ్. ఒక్కసారి పోస్తే ఐదేండ్లు ఫికర్ లేదు. నీళ్ళు కలిపే పని గూడ లేదు, సీదా పోసుడే."

"లాంగ్ లైఫే ఇయ్యి."

"ఒక్కటే డబ్బా ఉన్నది. మళ్ళ కావాలంటే వారం ఆగాలె."

"మళ్ళ ఎందుకు కావాలె?" అని నవ్వాను. అవును, నవ్వాను. ఐటీఐలో నేను చూసిన కూలెంటు ఆకుపచ్చగా ఉండేది. మామూలుదే అంత పచ్చగా ఉంటే ఐదేళ్ళు బతికేది ఇంకెంత పచ్చగా ఉంటుందోనని మురిసిపోతూ, నిండు డబ్బాను ఆటోలో ఒళ్ళో పెట్టుకొని ఇంటికొచ్చాను.

లారీ కింద దూరి రేడియేటర్ అడుగు నట్టు విప్పాను. ఎర్ర నీళ్ళన్నీ ఇంటి ముందు మురుగు మోరీలోకి పోయాయి. ఖాదర్ భాయ్ భార్య రజియా ఆపా తన మేకలను అటు రాకుండా అదిలిస్తూ, "ఏంది రా ఈ గలీజు?" అని అరిచింది. "తుప్పు ఆపా, తుప్పు! బావను బతికిస్తున్న!" అని కింది నుంచే జవాబిచ్చాను.

ఇక కడగాలి. మంచి నీళ్ళు పోయాలి, ఇంజన్ వేడెక్కించాలి, చల్లారాక వదిలేయాలి, మళ్ళీ పోయాలి. తెల్లటి నీళ్ళు వచ్చేదాకా ఇదే పని. మా వాడకట్టులో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. శనివారం వచ్చి పోయింది. మళ్ళీ సోమవారం సాయంత్రమే. అంటే ఇంటింటా బిందెల్లో, డ్రమ్ముల్లో పట్టి ఉంచిన నీళ్ళే రెండు రోజుల ప్రాణం. అక్క డ్రమ్ము మొదట ఖాళీ అయింది. నీళ్ళు ఇంకా గులాబీ రంగులో వస్తున్నాయి.

"మా ఇంట్లది తీస్కో మియా," అన్నాడు ఖాదర్ భాయ్ దర్జాగా.

"ఆపా ఊకుంటదా?"

"ఇంటికి మాలిక్ నేనా, ఆమెనా?"

ఆ ప్రశ్నకు జవాబు లోపలి నుంచి వినిపించింది కానీ, అప్పటికే నేను వాళ్ళ బిందెలు ఎత్తుకొచ్చేశాను. తర్వాత ఎదురింటివాళ్ళు, ఆ పక్కవాళ్ళు. రత్నానికి ఫ్యాక్టరీ పని దొరుకుతోందని వాడకట్టంతా తెలుసు. మంచి మనిషి, పిల్ల దగ్గరుంటాడు అనుకుంటూ తాగే నీళ్ళు కూడా తెచ్చిచ్చారు. పగలంతా గడిచి ఎండ తగ్గేవేళకు రేడియేటర్‌లోంచి తేటగా, తెల్లగా నీళ్ళు కారాయి. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

"ఇగ పొయ్యి భాయ్!" అని అరిచి, కారుతుందేమో చూడడానికి నేను లారీ కిందికి దూరాను. ఖాదర్ భాయ్ బంపర్ మీదికెక్కి నల్ల డబ్బా ఎత్తి, నల్లద్దాల్లోంచి చూస్తూ గరాటులో పోశాడు. నిండింది. మూత పెట్టాం. ఇంజన్ నడిపాం. చల్లారాక, నా ఐదేళ్ళ పచ్చదనాన్ని కళ్ళారా చూసుకుందామని మూత తీశాను.

ఎర్రగా ఉంది.

"ఖాదర్ భాయ్! మళ్ళ తుప్పు!"

"క్యా బోల్రే? మళ్ళనా?"

"ముందటికంటే ఎక్కువున్నది భాయ్! రక్తం లెక్కున్నది!"

"అయితే లోపల ఎక్కడ్నో బాగ జమ అయింది. ఇంజన్ గరమ్ అయినంక బయటికొచ్చింది. నికాలో, జల్దీ!"

నికాలించాను, అంటే అడుగు నట్టు మళ్ళీ విప్పాను. నా జీతమంతా, మళ్ళీ దొరకని ఆ ఒక్క డబ్బా అంతా, ఎర్రటి ధారగా మోరీలోకి పోతుంటే, "పో, దరిద్రం పో!" అని పక్కన నిలబడి తిట్టాను కూడా. మీరు తల పట్టుకుంటున్నారని నాకు తెలుసు. కాస్త ఆగండి, ఇంకా ఉంది.

చర్చి నుంచి అటే తన స్నేహితురాలి ఇంటికి పోయిన అక్క అప్పుడే వచ్చింది. ఖాళీ డ్రమ్ము చూసింది. వీధి పొడుగునా బోర్లించిన బిందెలు చూసింది. నేను వగరుస్తూ తుప్పు కథంతా చెప్పాను. ఆమె అక్కడ పడి ఉన్న నల్ల డబ్బాను తీసి, అడుగున మిగిలిన చుక్కలను చాకిరేవు బండలాంటి మా తెల్లటి గడప రాయి మీద వంచింది. ఎర్రటి మరక పాకింది.

"తమ్మీ," అంది మెల్లగా, "ప్లాస్టిక్ డబ్బాకు గూడ తుప్పు పడ్తదా రా?"

ఖాదర్ భాయ్ మొదటిసారి నల్లద్దాలు తీసి, గడప మీది మరకను చూసి, మళ్ళీ పెట్టుకొని, చప్పుడు చేయకుండా ఇంట్లోకి పోయాడు.

చీకటి పడక ముందే బావ పెళ్ళి లడ్డూలతో నవ్వుతూ దిగాడు. విషయం విన్నాక లడ్డూల పొట్లం గడప మీద పెట్టి, దాని పక్కనే తనూ కూర్చున్నాడు.

"పోయిన వారమే పోయించిన రా ఆ ఎర్రది," అన్నాడు. "మీ ఫ్యాక్టరోళ్ళే చెప్పిన్రు, గదే ఉండాలె అని."

అంటే నేను మంచి కూలెంటు పారబోసి, దాని బదులు అదే కూలెంటు కొని, దాన్ని కూడా పారబోశాను. బావ తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆయన ఊరికే మోరీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపుకు నాకు చచ్చిపోవాలనిపించింది.

ఇప్పుడు రేడియేటర్‌లో చుక్క లేదు, వీధిలో చుక్క లేదు. ఆ పచ్చదైనా కొందామంటే ఆ వేళకు దుకాణం మూసేశారు. రజియా ఆపా లోపలికి పోయి, మంచం కింద దాచిన బిందె ఒకటి మోసుకొచ్చింది. "రత్నం భాయ్, తీస్కో. వీడు మాత్రం దీన్ని ముట్టొద్దు," అంది. మిగిలిన ఇళ్ళవాళ్ళు చెంబుల్లో మిగిలింది తెచ్చి కలిపారు. బండి కడుపు ఉత్త నీళ్ళతో నిండింది.

సోమవారం పొద్దున బావ పక్కన కూర్చొని నేనూ ఫ్యాక్టరీ గేటుకు పోయాను. మా సూపర్‌వైజరు గారు గుంటూరు వైపు మనిషి. టైర్లు తట్టాడు, లైట్లు చూశాడు, రేడియేటర్ మూత తీయించి టార్చి వేశాడు.

"ఏంటయ్యా ఇది? ఉత్త నీళ్ళు పోశావేంటి? కూలెంటు ఉంటేనే లోడని చెప్పాం కదా?"

"రెండు దినాలు టైమియ్యండి సార్, పోయిస్త," అన్నాడు బావ. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"లోడు రెండు రోజులు ఆగుద్దా? కుదరదు." వెనక నిలబడ్డ లారీని చేయి ఊపి లోపలికి పిలిచాడు. ఏడాది పని మా పక్క నుంచే హారన్ కొట్టుకుంటూ గేటు దాటింది. సూపర్‌వైజరు గారు మూత పెట్టబోయి ఆగి, మళ్ళీ టార్చి వేసి చూశాడు.

"ఒక్క మాట మాత్రం చెప్పాలయ్యా. నా సర్వీసులో ఇంత శుభ్రమైన రేడియేటరు చూళ్ళేదు. అద్దంలా ఉంది! ఎవరయ్యా కడిగింది?"

బావ నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"మీ అప్రెంటిసే సార్."

ఆ వారమే బావ మళ్ళీ నాగపూర్ లోడు ఎక్కాడు. పోయేముందు, "నీ పెండ్లికి బట్టలు పెడ్త, పిల్లను సూపిస్త, అన్నీ చేస్త. నా బండి దిక్కు మాత్రం సూడకు," అన్నాడు. చిన్నది గడపలో నిలబడి చేయి ఊపింది.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఒకరి బండి మూత తీయను. తీసినా లోపలికి తొంగి చూడను. చూసినా, అక్కడ ఎరుపే కాదు, నీలం, పసుపు, ఊదా ఏ రంగు కనిపించినా అది ఆ బండి సొంత విషయమని ఒప్పుకొని, మూత పెట్టేసి, ఇంటికి పోయి చేతులు కడుక్కుంటాను. ఆ చెంబెడు నీళ్ళు కూడా అక్కను అడిగే తీసుకుంటాను.