కొల్లేటి నీళ్ళలో నేర్చిన అడుగు

మొన్న మా మనవరాలు మోకాలి నొప్పికని ఒక నూనె సీసా తెచ్చింది. మూత తియ్యగానే వావిలాకు వాసన గదంతా పరుచుకుంది. సీసా మీద ఏం రాసుందో చదవడానికి కళ్ళజోడు వెతుక్కోవలసిన పని లేకపోయింది. చేదుగా, ఘాటుగా, తడి పచ్చికలా ఉండే ఆ వాసన నన్ను ఏలూరులోని ఈ గదిలోంచి లేవదీసి, కొల్లేటి ఒడ్డున మా పెరట్లో, కట్టెల పొయ్యి మీద కుతకుతలాడుతున్న రాగి గంగాళం ముందు నిలబెట్టింది. డైరీ రాసే అలవాటు నాకు హైస్కూల్లో పట్టుకుంది, రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఈ సంగతి మాత్రం అంతకు ముందుది, ఎక్కడా రాసుకోనిది. అయినా ఒక్క ముక్క చెరగలేదు.

పందొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. మా తాతయ్య ఊరి కోలాట దళానికి గురువు. వరి కుప్పలు నూర్చి, మినుములు ఇంటికి చేరి, చేలన్నీ బోసిపోయాక, సాయంత్రం పూట కుర్రాళ్ళూ నడివయసు వాళ్ళూ కోలలు పట్టుకుని మా వాకిట్లోకి చేరేవారు. కోలాటంలో ఒక్కో ఆట తీరుని కోపు అంటారు. మధ్యలో నిలబడి తాళాలు వాయిస్తూ గురువు ఏ అడుగు వేస్తే చుట్టూ ఉన్న దళమంతా అదే అడుగు వెయ్యాలి. ఎందుకని అడగకూడదు, ఆగి ఆలోచించకూడదు. తాతయ్య శిష్యులు ఆ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఒకసారి ఆయన కాలికి ముల్లు గుచ్చుకుని గెంతితే అందరూ గెంతారట.

ఒక ఏడు శ్రీరామనవమి పందిట్లో కోపు సగంలో ఉండగా తాతయ్యకి ఎడమ మోకాలు పట్టేసింది. కూర్చుండిపోయారు. మా తర్వాత ఆడవలసిన పెంటపాడు దళం గురువు, తాతయ్యకి కొడుకు వయసువాడు, నవ్వుతూ, "వచ్చే ఏడు మంచం కూడా తెచ్చుకోండి బాబాయిగారూ, పడుకునే తాళం వేసెయ్యొచ్చండి" అన్నాడు. పందిరంతా నవ్వింది. తాతయ్యా నవ్వారు గానీ, ఇంటికొచ్చాక, "మళ్ళీ నవమికి చివరిదాకా నిలబడలేకపోతే తాళాలు అటకెక్కించేస్తాను" అన్నారు.

ఆ మాట నాన్నమ్మ గుండెల్లో రాయిలా పడింది. వాళ్ళ నాన్న పొలం వెళ్ళడం మానేసి అరుగు మీద కూర్చున్న ఏడాదే, నవ్వూ తిండీ ఒక్కొక్కటే మానేసి ఎండిపోయారట. "ఆట మానేస్తే ఈయన మనకి మిగలరే అమ్మడూ" అంది నాతో. ఇక ఆ ఏడాది మాఘమాసం వచ్చేసరికి మా ఇల్లు వైద్యశాల అయిపోయింది!

పొద్దున్నే నేను కాలవ గట్టుకి పరిగెత్తి వావిలి కొమ్మలు విరుచుకు రావాలి. మంచుకి తడిసిన ఆకులు ఒడినిండా పోసుకుని వస్తుంటే పావడా అంతా ఆ వాసనే. నాన్నమ్మ ముందు వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె తాతయ్య మోకాలికి పట్టించి, అరచేత్తో గుండ్రంగా, పిండి మర్దించినట్టు మర్దించేది. తర్వాత వావిలాకు మరిగిన నీళ్ళు ధారగా పోసేది. మధ్యాహ్నం తమ్మిలేటి వాగు ఇసుక మట్టి మంగలంలో వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం. మా రేగడి మట్టి అందుకు పనికిరాదని, ఏలూరు వెళ్ళే బండివాళ్ళ చేత ప్రత్యేకంగా తెప్పించేది. రాత్రి ఆముదం రాసి నిప్పుల మీద వెచ్చచేసిన జిల్లేడాకు కట్టు. అన్నంలోకి నల్లేరు పచ్చడి, మిరియాల చారు. వారానికోసారి దోనెవాళ్ళు తెచ్చే కొరమీను పులుసు కూడా వైద్యం కిందే లెక్క గనక ఇంటిల్లిపాదికీ మోకాళ్ళ నొప్పులే!

నొప్పి తగ్గింది. కాలు మాత్రం మడత పడటం లేదు. సరిగ్గా అప్పుడు దిగింది నల్లజర్ల మామ్మ, తాతయ్యకి అక్క. మెట్ట ప్రాంతపు మనిషి, గొంతు వీధి చివరికి వినిపించేది.

"ఒరేయ్, పచ్చడి బద్దలా నూనెలో నానిపోయావేంట్రా!"

"మీ తమ్ముడికి తగ్గుతోందండీ వదినగారూ" అంది నాన్నమ్మ చిన్నబుచ్చుకుని.

"తగ్గింది సరేనమ్మా, కదిలేదెప్పుడూ?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మామ్మ రేవుకి షికారొచ్చింది. గూడబాతులు గుంపుగా వాలిన కొల్లేటిని నోరు తెరుచుకుని చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి నా భుజం పట్టుకుంది. మా ఇంటి కుంటి గేదె అప్పుడే నీళ్ళలోకి దిగింది. ఒడ్డు మీద మూడు కాళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చినది, పొట్టదాకా నీళ్ళు రాగానే నాలుగు కాళ్ళూ వేసి దర్జాగా నడుస్తోంది. "చూశావుటే? నీళ్ళు మోస్తున్నాయి దాన్ని! పద, మీ తాతని తోలుకొద్దాం."

అలా మొదలైంది మా నీటి కోలాటం. పొద్దెక్కకుండా తాతయ్యా నేనూ చెరో జత కోలలతో రేవులోకి దిగేవాళ్ళం. నీళ్ళు ఆయనకి తొడలదాకా, నాకు నడుం పైదాకా. ఒడ్డున మామ్మ చప్పట్లతో తాళం వేసేది. నీళ్ళలో కాలు లేపడం తేలికే. దింపుదామంటేనే అది వెంటనే దిగదు. అర క్షణం తేలి, ఊగి, అప్పుడు మెత్తగా నేలను తాకుతుంది. మొదట్లో తాళం తప్పిపోయి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తర్వాత ఆ ఊగేదాన్నే తాళంలో కలుపుకున్నాం. ఒకరోజు జలగ పట్టుకుందని నేను కెవ్వుమంటే, "ఉండనియ్యవే, అదీ వైద్యమే!" అంది మామ్మ. తాతయ్య కాలు రోజురోజుకీ మడత పడుతోంది. నాన్నమ్మ నూనె గిన్నె పట్టుకుని రేవుకే రావడం మొదలుపెట్టింది. వదినా మరదళ్ళు కలిసి ఆయన్ని గట్టెక్కించడం చూడటానికి చాకలివాళ్ళు బట్టలు ఉతకడం ఆపేవారు.

నవమి వచ్చింది. తాటాకు పందిట్లో మామిడి తోరణాలు, యాలకులూ మిరియాలూ ఘుమఘుమలాడే పానకం, దొప్పల్లో వడపప్పు. ఈసారి పెంటపాడు దళం ముందు ఆడింది. బాగా ఆడిందని ఒప్పుకోవాలి. తర్వాత మావాళ్ళు లేచారు. పంచె కింద వెచ్చటి జిల్లేడాకు కట్టుతో తాతయ్య మధ్యలో నిలబడ్డారు. మొదటి కోపు గడిచింది. రెండోదీ గడిచింది. వేగం అందుకుంది. ఆఖరి కోపులో ఎడమ కాలు పైకి లేచి, అక్కడే ఆగిపోయింది. నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ గాజులు నా మణికట్టులో గుచ్చుకున్నాయి.

ఆ కాలు అర క్షణం తేలింది. ఊగింది. మెత్తగా దిగింది. తాళాలు కూడా ఆ అర క్షణం ఆగి మోగాయి. కొల్లేటి అడుగు! దళమంతా, ఒక్కడు కూడా తడబడకుండా, అదే అడుగు వేసింది. టకటకా మోగే కోలలు ఆగి ఆగి మోగుతుంటే, వరసంతా నీళ్ళలో తామర తూడులా ఊగుతుంటే, పందిట్లో జనం లేచి నిలబడ్డారు. తాతయ్య చివరి తాళం దాకా నిలబడే ఉన్నారు.

పెంటపాడు గురువు పరుగున వచ్చాడు. "ఇదేం కోపండి బాబాయిగారూ! ఎక్కడ నేర్చుకున్నారండి?"

"కొల్లేట్లో" అన్నారు తాతయ్య ఆయాసపడుతూ.

"గురువెవరండి?"

"గేదె."

మామ్మ నవ్వు పక్క ఊరికి వినిపించి ఉంటుంది. మరుసటి ఏడు పెంటపాడు దళంవాళ్ళు, రాళ్ళలాంటి మోకాళ్ళున్నవాళ్ళంతా, మా తాతయ్య అడుగే వేశారు! ఆయనకి నొప్పి పూర్తిగా ఎప్పుడూ పోలేదు. దానికీ తాళంలో ఒక చోటిచ్చి, ఇంకా చాలా నవములు ఆడారు. తాళాలు అటకెక్కింది ఆయన పోయాకే.

ఇప్పుడు ఆ రేవు లేదు. అక్కడ చేపల చెరువుల గట్లున్నాయి. కాలవ గట్టున వావిలి పొదలు లేవు. గంగాళం ఏ పంపకంలో ఎటు పోయిందో తెలియదు. అరచేత్తో నొప్పిని వెతికి పట్టుకునే నాన్నమ్మ లాంటి చేతులూ నాకు మళ్ళీ తగల్లేదు.

కానీ కిందటి నవమికి మా వీధి పందిట్లో స్కూలు పిల్లలు, ఒకే రంగు ఓణీలు వేసుకుని, స్పీకరులో పాటకి కోలాటం ఆడారు. కుర్చీ వేయించుకుని చూస్తున్నాను. నడుమ ఒకచోట వాళ్ళ ఎడమ కాళ్ళన్నీ ఒక్కసారి గాలిలో తేలి, ఊగి, మెత్తగా దిగాయి. నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఆట అయ్యాక ముందున్న పిల్లని పిలిచి, ఆ అడుగేమిటమ్మా అని అడిగాను.

"పాతదండీ మామ్మగారూ. మా టీచరుగారికి వాళ్ళ ఊళ్ళో నేర్పారంటండి. అక్కడ ఎందుకు ఆగాలో ఎవరికీ తెలీదండి, కానీ ఆగకపోతే తిడతారండి."

"నీ కోలలు ఒకసారి ఇటియ్యి" అని, కుర్చీలోంచి లేచాను.