తద్దినానికి పోయిన కంగారూ గడ్డి

బ్లాక్‌టౌన్‌లో మా అద్దె ఇంటి పెరట్లో కంగారూ గడ్డి పెంచాను. ఈ నేలలో పుట్టిన గడ్డి అది. నడుము దాకా లేస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ ఆకులు ఇటుక రంగుకు తిరుగుతాయి. చలికాలంలో చచ్చిపోయిందనుకుంటాం, వేడి తగలగానే చిగురిస్తుంది. గింజకుండే నల్లటి ముల్లు తడి తగిలితే మెలితిరిగి గింజను మట్టిలోకి దించుతుంది. బోటనీలో ఎమ్మెస్సీ చేసి, భర్త వీసా మీద వచ్చి, పోపులు పెట్టుకుంటూ కూర్చున్న నాకు దాన్ని చూస్తే ప్రాణం లేచొచ్చేది.

నర్సరీ నడిపే ఒకావిడ నాకు రెండు పిలకలిచ్చి, వాటి గింజ పండించి తెస్తే పనిలోకి తీసుకుంటానంది. కంప్యూటర్ల వైటూకే హడావుడి ముగిశాక మావారి కాంట్రాక్టూ ముగిసింది. ఆ పని మాకు అవసరం. గింజ ఇంకో వారంలో పండుతుంది, పండితే ఇట్టే రాలిపోతుంది. అందుకని రోజూ కాపలా కాస్తున్నాను.

ఇంతలో టూంగాబీలో ఉండే అంకుల్‌కి, అంటే మావారి పాత టీమ్ లీడర్‌కి, వాళ్ళ నాన్నగారి తద్దినానికి దర్భ కావాల్సివచ్చింది. ఇండియా నుంచి తెచ్చుకున్నది ఎయిర్‌పోర్టు తనిఖీలోనే తీసి పారేశారట. మా పెరట్లో పొడుగు గడ్డి ఉందని మావారు చెప్పారు. నేను కూరగాయలకు వెళ్ళొచ్చేసరికి అంకుల్ రావడం, వెళ్ళడం అయిపోయాయి. పితృకార్యానికి వేళ్ళతో సహా ఉండాలని రెండు దుబ్బులూ పారతో పెకలించుకుపోయారు. పచ్చి గింజ ఇక దేనికీ పనికిరాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దర్భేదో కంగారూ గడ్డేదో తెలియని మనిషికి శాస్త్రం మాత్రం పొల్లుపోకూడదు! ఒకరి మొక్కను అడగకుండా పీకమని ఏ శాస్త్రం చెప్పింది? మావారేమో, తన ఉద్యోగానికి పెద్దాయన మాట సాయం చేస్తానన్నారు, నోరెత్తకు అన్నారు. ఆయనదేమో ఉద్యోగం, నాది పెరట్లో గడ్డి.

మర్నాడు సాయంత్రం అంకులే ఫోన్ చేసి, కార్యం బాగా జరిగిందని చెప్పారు.

"నెక్స్ట్ ఇయర్‌కి కూడా కాస్త ఉంచమ్మా. గ్రాసే కదా, మళ్ళీ గ్రో అవుతుంది."

"కోస్తే వస్తుంది అంకుల్. కాల్చినా వస్తుంది. వేళ్ళతో పీకేస్తే రాదు. ఆ గింజలు పండితే నాకు జాబ్ వచ్చేది. మీ నాన్నగారి తద్దినంలో మీరు పెట్టింది నా ఉద్యోగం."

మావారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, నా తరఫున ఆయనకు సారీ చెప్పారు.