శబ్దం తాగే గోడ

ఆ రోజుల్లో మీ ఇంట్లో నౌకర్లు ఎందరని ఎవరైనా అడిగితే, బాపు మీసం సవరించుకొని "ఉన్నరు" అనేవాడు. ఉన్నది నేనొక్కడినే. బోధన్‌లో దొరతనం నాటి మా గడి బంగళా సగం కూలిపోగా, మిగిలినదాంట్లో ఒక వైపు దర్జీ చాచాకు కిరాయికి ఇచ్చాం (బాపు దృష్టిలో అది కిరాయి కాదు, ఆశ్రయం). సాయంత్రం కాగానే బాపు పడక్కుర్చీలోంచి "ఒరేయ్ మల్లిగా, నీళ్ళు తే" అని కేక వేసేవాడు. మల్లిగాడు పని మానేసి ఏండ్లయింది. నేనే గొంతు మార్చి "వస్తున్న దొరా" అనేవాడిని. ఆ ఎత్తైన హాలులో మాట గోడ గోడకూ తగిలి ముద్దయ్యేది కనుక, అవతలి చాచాకు పనివాళ్ళు బిలబిలా తిరుగుతున్నట్టే వినిపిస్తుందని మా నమ్మకం.

నేను నిజామాబాద్‌లో ఒక ఫోం కార్ఖానాలో సూపర్‌వైజర్‌ని (పని చేయను, చేయిస్తాను, మా వంశంలో ఈ తేడా ముఖ్యం). రెండు మందులు కలిపితే పాలలా పొంగి ఫోం అయ్యేది. దాంట్లో కాస్త చెరుకు పిప్పి పొడి కలిపితే శబ్దాన్ని ఇంకా బాగా పీలుస్తుందని మా సేఠ్ ప్రయోగాలు చేయించేవాడు. పొడి ఎక్కువైతే పొంగు మధ్యలోనే కూలేది. సరిగ్గా కుదిరిన రోజు "సౌండంత తాగుతది" అని మురిసేవాడు. తాగిన శబ్దం ఇక గోడ దాటి ఎలా పోతుంది? పోదనే అనుకున్నాను.

అప్పుడే నాకు ఎడపల్లి సంబంధం వచ్చింది. నౌకర్లున్న ఇల్లని మధ్యవర్తి చెప్పాడట. పిల్ల తండ్రి ఆదివారం వస్తానన్నాడు. పెండ్లికొడుకూ నేనే, మల్లిగాడూ నేనే. ముందు రిహార్సల్ కావాలి, అది చాచా చెవిన పడకూడదు. అంచులు చెడిన పిప్పి ఫోం షీట్లు కార్ఖానా నుంచి తెచ్చి, చాచా వైపు గోడకూ పక్క గోడలకూ అతికించాను.

ఆదివారం పొద్దున హాలులో మాట పెదవుల దగ్గరే చచ్చిపోతోంది. బాపు కంగారుపడి గొంతు పెంచాడు. "నాకు చెవుడొచ్చిందారా?"

"లేదు బాపు, ఫోం తాగుతున్నది."

"మరి నువ్వు మామ ముందల కూసుంటే నీళ్ళెవడు తేవాలె?"

"లోపటికి పోయి, మల్లిగాని లెక్క పలికి, చెంబు నేనే తెస్త."

"చాయ్?"

"అదీ నేనే."

"కాళ్ళు వొత్తుడు?"

"సుట్టాల ముందల వద్దు బాపు. ఇప్పుడే వొత్తుత, చాపు."

వొత్తుతుండగానే తలుపు దగ్గర దగ్గు వినిపించింది. పిల్ల తండ్రి, వెనకాల దర్జీ చాచా.

"జర ముందొచ్చిన దొరా," అన్నాడాయన. "చాచా దగ్గర కూసున్న. అన్నీ ఇన్న."

చాచా సంజాయిషీగా, "ఇన్ని దినాలు గుంయ్ గుంయ్ అంటుండె దొరా. ఒక్క మాట సమజ్ కాకపోతుండె. ఇయ్యాల రేడియో లెక్క సాఫ్‌గున్నది," అన్నాడు.

బాపు వెన్ను ఇంకా నిటారుగా అయింది. నా చేతుల్లో ఆయన కాలు అలాగే ఉంది. నా పెండ్లి పోయిందనుకున్నాను.

"దొర కొడుక్కు పిల్లనియ్యాలంటె భయమైతుండె," అన్నాడు పిల్ల తండ్రి. "గా మల్లిగానికైతే ఇస్త."

బాపు నా చేతుల్లోంచి కాలు తీసుకున్నాడు. తర్వాత మెల్లగా, "మల్లిగా, మామకు నీళ్ళు తే," అన్నాడు.

ఫోం మాటను ముద్ద చేసే ప్రతిధ్వనినే తాగుతుందట, గోడ దాటే మాటను ఆపదట. సేఠ్ ఎన్నిసార్లు చెప్పినా నాకు సగమే అర్థమైంది. ఇప్పుడు బాపు లేడు, గడీ లేదు. వంటింట్లోంచి మా ఆవిడ అప్పుడప్పుడు "మల్లిగా" అని పిలుస్తుంది. పరువు కోసం కాసేపు కదలకుండా కూర్చుంటాను. తర్వాత ఆ పాత గొంతుతోనే "వస్తున్న దొరసానీ" అంటాను.