అరణపు పడ్డ

కోనరావుపేట మండలంలోని ఆ ఇంటివారిది పాలమ్ముకునే మంద కాదు. బర్రెల పాలన్నీ దూడలకే వదులుతారు. మగదూడలను రెండేళ్ళు మేపి మాంసం వ్యాపారులకు అమ్ముతారు. ఆడదూడల్లో నాణ్యమైన వాటిని నిలుపుకుని, ఈతలు ఉడిగిపోయిన తల్లుల స్థానంలో పెడతారు. ఆ ఎంపిక కోసం ఏటా వానలు వెలిసాక జగిత్యాల నుంచి నన్ను పిలిపిస్తారు. నేను పశువైద్యుణ్ణి.

ఇంటాయన గల్ఫ్‌లో ఉంటాడు. మందను ఆయన తల్లి, భార్య చూసుకుంటారు. కోడలి పుట్టిల్లు కోరుట్ల దగ్గర. పెళ్ళినాడు ఆమె తల్లి ఒక బర్రెను అరణంగా ఇచ్చింది. అరణపు పశువూ దాని సంతతీ పెళ్ళికూతురి సొంతం. అత్తవారి కొట్టంలో మేసినా అవి ఆమెవే. ఆ బర్రె వరుసగా మగదూడలనే ఈనింది, అవన్నీ అమ్ముడుపోయాయి. చిట్టచివరి ఈతలో ఒక ఆడదూడ పుట్టింది, ఇప్పుడది ఈడొచ్చిన పడ్డ. అది మందలో నిలిస్తేనే ఆ కొట్టంలో కోడలికంటూ ఒక వంశం మిగులుతుంది.

ఆ ఉదయం పడ్డలను ఒక్కొక్కటిగా విప్పించి చూస్తున్నాను. ఛాతీ చుట్టుకొలతను బట్టి బరువు అంచనా కట్టాలి. కటి ఎముకల మధ్య వెడల్పు తక్కువైతే మొదటి ఈతలోనే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు చన్నులూ సమంగా ఉన్నాయా, గిట్టలు నేలకు సరిగా ఆనుతున్నాయా, మనిషి చేయి పడితే బెదురుతోందా అన్నవి తర్వాత చూడాలి.

గట్టు మీద కూర్చున్న అత్త నా టేపును చూసి నవ్వింది.

“మా కోడల్ని చూసుకునేటప్పుడు గూడ గింత కొల్వలే సార్.”

“గిట్ల మేం మీ నోరు కొలిచి ఉంటే ఈ ఇంటికి రాకపోదుము అత్తమ్మా,” అంది కోడలు, పలుపు పట్టుకుని.

ఆమె తెచ్చింది అరణపు పడ్డను. కొలతల్లో మిగతావాటిని మించింది. వెన్ను నిటారుగా, ఎముక దిట్టంగా ఉంది. అయితే వయసులో దానికన్నా చిన్నవి అప్పటికే ఎదకు వచ్చాయి.

“ఇది వచ్చిందా?”

“ఇంక రాలే సార్. ఒళ్ళు పెద్దది గదా, జర ఆల్శమైతదేమో,” అంది కోడలు.

భుజం దాకా గ్లవుజు తొడిగి లోపలి పరీక్ష చేశాను. గర్భాశయ ముఖం వేళ్ళకు గట్టిగా తగలాలి, తగలలేదు. గర్భసంచి ఉండవలసిన చోట సన్నటి దారాల వంటివి జారిపోయాయి. తొందరపడి చెప్పదగిన మాట కాదు కనుక మళ్ళీ తడిమి చూశాను.

“దీనితోపాటు ఇంకో దూడ పుట్టిందా?”

అత్త నవ్వు ఆగిపోయింది. కోడలు ఆమె వైపు చూసింది.

“మగది పుట్టింది సార్. పోయినేడు అమ్మినం,” అంది అత్త. “కవలలంటే దిష్టి తగుల్తదని ఎవ్వలికి చెప్పలే. మీకు గూడ.”

మగదానితో కలిసి పుట్టిన పడ్డల్లో చాలావరకు గొడ్డుబోతులే అవుతాయని వివరించాను. కడుపులో రెండింటి రక్తం కలవడంతో మగదాని ప్రభావం ఆడదాని గర్భసంచిని ఎదగనివ్వదు. పైకి లోటేమీ కనిపించదు, ఒళ్ళు చక్కగా పెరుగుతుంది. దీనికి మందు లేదు.

“మరి దీని తల్లి?” అంది కోడలు. “పడ్డ ఉన్నదని ధీమాతోని మళ్ళ దున్నకు చూపలే. ఇప్పుడు చూపుతె?”

ముసలి బర్రెను కూడా పరీక్షించాను. పళ్ళు చిగుళ్ళ దాకా అరిగాయి. అండాశయాలు చిన్నబోయి గట్టిపడ్డాయి. లేని ఆశ కల్పించడం నా వృత్తిలో క్రూరత్వం. ఇక చూడి కట్టదని చెప్పాను.

అత్త గట్టు దిగి వచ్చింది. గొంతు తగ్గించి, “మందల నీకు నచ్చింది ఒకటి తీస్కో బిడ్డా. గది నీదే. నా కొడుకుకు నేను చెప్త,” అంది.

“మీరిచ్చేది మీ మందల్దే అత్తమ్మా. మా అమ్మ ఇచ్చింది గిదొక్కటే.”

ఆ మాటలో కోపం లేదు. తల్లినీ పడ్డనూ రెంటినీ అమ్మకానికి పెట్టమనడమే నేను ఇవ్వవలసిన సలహా. ఆ మాట నాకంటే ముందు కోడలే అంది, సగం మాత్రమే.

“ముసల్ది ఏడికి పోదు సార్. నాన్చిన తవుడు పెడ్త, ఉన్నన్ని దినాలు ఉంటది. గిది పోనియ్యుండ్రి.”

అమ్మకపు దున్నలను కట్టే గుంజలు కొట్టానికి అవతలి వైపున ఉన్నాయి. అత్త పలుపు అందుకోబోయింది.

“వద్దు. నాదే గదా, నేనే కడ్త.”

సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల దగ్గర మిగిలే అంచు పోగులతో పేనిన పలుపు అది. పడ్డ మారాము చెయ్యకుండా ఆమె వెంట నడిచింది. చివరి గుంజకు కట్టి, ముడి బిగిసిందో లేదో లాగి చూసింది. దాని మెడ మీద అతుక్కున్న గడ్డిపరకను తీసేసి, వెనక్కి వచ్చి మరో పడ్డను విప్పింది.

“గిది అత్తమ్మది,” అంది. “కొలువుండ్రి సార్.”